నాలుగు గంటల ఆకాశం

వడమాలపేట
ఫిబ్రవరి 3

ప్రసూనక్కకు,

లోకేశ్వరి నమస్కారాలు. చెవులెలా ఉన్నాయని అడగను. అడిగితే "ఉన్నాయి, వినబడవు, అంతే" అంటావు. నీకు ఫోను పనికిరాకుండా పోయి మూడేళ్లయింది. దానివల్లే నాకు మళ్లీ కలం పట్టే అలవాటైంది. నీ చెవులు పోయి నా దస్తూరి బాగుపడిందని ఆయన నవ్వుతాడు.

చిన్న సాయం కావాలి. ఈ మధ్య భుజాల దగ్గర ఊరికే చలేస్తోంది. దుప్పటి కప్పుకుంటే బరువు, తువ్వాలు కప్పుకుంటే చాలదు. చిత్తూరు ట్రైనింగు స్కూల్లో ఆనందమ్మ టీచరు మన చేత అల్లించిన చిల్లుల శాలువా గుర్తుందా? సాయంత్రం నాలుగింటి బెల్లు కొట్టగానే అందరినీ వరండాలోకి తోలి, ఆకాశం చూపించి, ఏది చూశామో అది అల్లమనేది. మాఘం నుంచి చైత్రం దాకా. పొద్దున మంచు, మధ్యాహ్నం మంట, సాయంత్రం గాలి, ఉన్నట్టుండి ఒక జల్లు. ఆ మూడు నెలలూ ఆకాశానికి నిలకడ ఉండదు కాబట్టే శాలువా అందంగా వస్తుందనేది. నాది మధ్యలోనే ఆగిపోయింది. పెళ్లిచూపులని మా నాయన వచ్చి పిల్చుకుపోయాడు. మళ్లీ ఆ స్కూలు మెట్లెక్కలేదు.

అది పూర్తి చేయాలనిపిస్తోంది. ఏ ఆకాశానికి ఏ కుట్టో మర్చిపోయాను. రాసి పంపు. మా మామిడి తోపు మంచి పూత మీద ఉందట. ఆయన కులాసా, నేనూ కులాసా.

నీ లోకేశ్వరి

తిరుపతి
ఫిబ్రవరి 8

చి.ల.సౌ. లోకేశ్వరికి,

ఫిబ్రవరిలో వడమాలపేటలో చలా! ఇక్కడ బైరాగిపట్టెడలో నేను మధ్యాహ్నం ఫ్యాను కిందనుంచి లేవడం లేదు. అరవై దగ్గర పడుతుంటే నీకు కొత్త కోరికలు పుడుతున్నాయని చెప్పు, ఒప్పుకుంటాను. చలని మాత్రం చెప్పకు.

అయినా నీ ఉత్తరం చదివి పెట్టె దించాను. ఆనందమ్మ టీచరు ఇచ్చిన అల్లిక సూదులు తుప్పు పట్టకుండా ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు కుట్లూ అల్లికలూ నేర్పి, నాకంటూ ఒక్క శాలువా అల్లుకోలేదు నేను. కాబట్టి ఇలా చేద్దాం. సగం నువ్వు అల్లు, సగం నేను. నీది వడమాలపేట ఆకాశం, నాది తిరుపతి ఆకాశం. ఇద్దరం చెరో కొసనుంచి మొదలుపెట్టి మధ్యకు వద్దాం. చైత్రం చివర్లో నేనే వచ్చి రెండు సగాలనూ కలుపుతాను. భుజాలు నీవే కాబట్టి శాలువా నీకే.

గుర్తులు రాసుకో. రోజుకు నాలుగు వరసలు, అది ఒక పట్టె. ఎండైతే సాదా పట్టె. మబ్బైతే కుట్టు తిరగేసి గరుకుగా. గాలైతే కుట్లన్నీ ఒక పక్కకు వాలాలి. వానైతే జంట చిల్లులు. నాలుగు గంటలకు ఏముందో అదే లెక్క, పొద్దుట సంగతి మనకు అక్కర్లేదు.

వారానికోసారి కాపుదారం వేయడం మర్చిపోకు. సూది మీదున్న కుట్లన్నిట్లోంచి ఒక ఎర్ర దారం దూర్చి అలాగే వదిలెయ్. చిల్లుల అల్లికలో ఒక్క కుట్టు జారితే ఎక్కడిదాకా ఊడుతుందో చెప్పలేం. ఆ దారం ఉంటే అక్కడిదాకా విప్పుకుని మళ్లీ ఎత్తుకోవచ్చు. అంతా అయ్యాక లాగేస్తే పోతుంది.

చివరి మాట. నేను ఒకసారి తొందరగా అయిపోతుందని మబ్బు రోజున సాదా పట్టె అల్లితే, ఆనందమ్మ టీచరు ఆ సూదితోనే నా వేళ్ల మీద కొట్టింది. "మనుషులతో ఆడే అబద్ధాలు చాలు, ఆకాశంతో ఆడొద్దు" అంది. అప్పటినుంచి ఆడలేదు. నువ్వూ ఆడకు.

నగరి నుంచి తెప్పించిన సన్న నూలు దీంతో పంపుతున్నాను. వెన్న రంగు. మీ ఆయనకు నా ఆశీస్సులు.

ప్రసూనాంబ

వడమాలపేట
మార్చి 3

ప్రసూనక్కకు,

నూలు అందింది. చేతిలో పట్టుకుంటే పిల్లి మెడ నిమిరినట్టుంది. పదహారు పట్టెలు అల్లాను. తొమ్మిది ఎండ, మూడు మబ్బు, మూడు గాలి, ఒక్కటి వాన. ఆ వాన కూడా అయిదు నిమిషాలేనట, మొండి జల్లు. నువ్వు అబద్ధం ఆడొద్దన్నావు కదా, అయిదు నిమిషాలకూ చిల్లులు వేశాను.

వేళ్లు కొంచెం మొద్దుబారుతున్నాయి. నలభై కుట్లు వేసేసరికి నీరసం. వయసు. పూత నిలబడి పిందె కట్టిందని ఆయన ఒకటే సంబరం. ఈ చెట్లు నాటిన ఏడాది వేసవిలో బావి నుంచి నేను కుండలతో నీళ్లు మోశాను. ఆయన రెండు కుండలెత్తితే నేను మూడు. ఆ లెక్క ఇప్పటికీ ఒప్పుకోడు.

సాయంత్రం నాలుగైతే చాలు, ఆ వేళకు ప్రాణం లేచొస్తోంది. ఆనందమ్మ టీచరు గొప్పది.

లోకేశ్వరి

వడమాలపేట
మార్చి 18

అక్కా, పెద్ద ఉత్తరం రాసే ఓపిక లేదు, ఈ వారం పట్టెలు మాత్రం రాస్తున్నాను. 12 ఎండ. 13 మబ్బు. 14 గాలి. 15 ఎండ. 16 మబ్బు. 17 ఎండ, ఏమీ లేదు. నీవి ఎలా ఉన్నాయో రాయి.

లోకేశ్వరి

తిరుపతి
మార్చి 21

లోకేశ్వరికి,

దొరికిపోయావు. ఇన్నాళ్లకు దొరికావు.

పదిహేడో తేదీ ఎండా? ఏమీ లేదా? అమ్మా తల్లీ, ఆ రోజు నాలుగింటికి నేను మేడ మీద నిలబడి ఉన్నాను. పుత్తూరు వైపు ఆకాశం కాటుకలా నల్లబడింది. ఇక్కడే వడగళ్లు గోలీకాయలంత పడ్డాయి. నాకు వినబడదు కాబట్టి పక్కింటి రేకుల మీద అవి ఎగరడం చూశాను. వడమాలపేటలో కోడిగుడ్డంత పడ్డాయట, పిందెలన్నీ రాలి తోపుల్లో నేల కనబడకుండా పడున్నాయని పేపర్లో ఫొటోతో సహా వేశారు. ఆ ఫొటోలో ఉన్న గేటు మీ తోపుదే అనుకుంటాను, ఆ నీలం రంగు నాకు తెలుసు. తోపు అంత దెబ్బ తింటే నాకు ఒక్క ముక్క రాయవేం?

అది బాధతో రాయలేదనుకుంటాను. కానీ పట్టె సంగతేమిటి? ఇంత వడగళ్లవాన పడితే నువ్వు వాకిట్లోకి వచ్చి చూడను కూడా లేదా? మంచం మీద పడుకుని "ఎండ" అని అల్లేశావా? వడగళ్లకు ఆనందమ్మ టీచరు గుర్తు చెప్పలేదు. నేనే ఆలోచించి చిన్నచిన్న ముడులు వేశాను, పట్టెకు ఏడు. నువ్వు కాపుదారం దాకా విప్పి, ఏడు ముడులతో మళ్లీ అల్లు. అల్లి, తోపు సంగతి వివరంగా రాయి. మీ ఇద్దరికీ ఎంత కష్టమొచ్చిందో తలచుకుంటే నాకు అన్నం సయించలేదు.

ప్రసూనాంబ

వేలూరు
మార్చి 26

ప్రసూనక్కకు,

పైన ఊరి పేరు చూశావు కదా. పొరపాటున రాయలేదు.

సంక్రాంతి పోయిన వారం నుంచి నేను ఇక్కడే ఉన్నాను. కడుపులో గడ్డ. మందు ఎక్కించే గదిలో ఏసీ పెడతారు, అక్కడే భుజాలకు చలి. ఆసుపత్రి వెనక సందులో ఒక గది తీసుకున్నాం. మాకు పిల్లలు లేరు కదా, మా సొంత అక్క కూతురు సుజన తోడుంది. నీకు చెబితే ఆ రోజే బస్సెక్కి వస్తావు. వినబడని మనిషివి ఈ ఊళ్లో, ఈ భాషలో ఎక్కడ తిరుగుతావని చెప్పలేదు. నా ఉత్తరాలు ఆయనో, అటు పోయే వాళ్లెవరో ఊరికి తీసుకెళ్లి అక్కడి డబ్బాలో వేసేవారు. నీవి ఆదివారం వచ్చేటప్పుడు తెచ్చి ఇచ్చేవాడు. నన్ను క్షమించు.

ఈ గదికి ఒక కిటికీ ఉంది. తెరిస్తే పక్క మేడ గోడ. ఆకాశం లేదు. అందుకని ఆయన రోజూ నాలుగు గంటలకు తోపులో నిలబడి ఫోను చేస్తాడు. "ఎండ" అంటాడు, "గాలి లేస్తాంది" అంటాడు. ఆయన చెప్పిందే నేను అల్లుతున్నాను. పదిహేడో తేదీ కూడా చేశాడు. గొంతు కొంచెం బొంగురుగా ఉంది. ఆకాశం ఎలా ఉందంటే, "ఎండే. ఏమీ లేదు" అన్నాడు. పిందెలెలా ఉన్నాయంటే, "గోలీకాయంత అయినాయి, నువ్వొచ్చేపాటికి పచ్చడికొస్తాయిలే" అన్నాడు.

నీ ఉత్తరం మొన్న ఆదివారం ఆయనే చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. నా పేరున వచ్చినవి విప్పే అలవాటు ఆయనకు లేదు. ఎదురుగా కూర్చుని టీ తాగుతూ "ఏమంటాది మీయక్క?" అన్నాడు. "నా అల్లిక బాలేదంట" అన్నాను.

అక్కా, ఆయన రాలిన పిందెల మధ్య నిలబడి నాకా మాట చెప్పాడు. ఆ మనిషి కళ్ల ముందు నలభై ఏళ్ల తోపు నేలమట్టమవుతుంటే, నాలుగైందని గుర్తుంచుకుని నాకు ఫోను చేశాడు. నేనెలా అడుగుతాను? ఏమని అడుగుతాను?

నేను విప్పను. పదహారో తేదీ పట్టె మీద కాపుదారం ఉంది. అక్కడినుంచి అల్లేదంతా ఆయన చెప్పేది, జరిగింది కాదు. ఒకవేళ నా చేత కాకపోతే, నువ్వు ఆ దారం దాకా విప్పి నిజం అల్లుకో. ఆనందమ్మ టీచరు దగ్గర నీకు మాట రాకూడదు.

ఆయనకు మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు.

లోకేశ్వరి

తిరుపతి
మార్చి 29

నా లోకేశ్వరికి,

ఇప్పటికి నాలుగు కాగితాలు చించాను.

జబ్బులో ఉన్న మనిషికి, తోపు పోయిందని, పేపర్లో ఫొటో పడిందని, గేటు రంగుతో సహా రాసి పంపాను. పైగా బద్ధకస్తురాలివని తిట్టాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకు చెవులు పోవడం కాదు, ఈ నోరు పోయుండాల్సింది. ఆయన నీ కోసం కట్టిన గోడను నేను ఒక్క ఉత్తరంతో పడగొట్టాను. ఆ ఉత్తరాన్ని ఆయన చేతే మోయించాను.

ఒట్టు పెట్టావు కాబట్టి చెప్పను. నేను వస్తానంటే వద్దంటావని తెలుసు. అయినా అడుగుతున్నాను, రానా? సుజన చేత మా పక్కింటివాళ్ల ఫోనుకు మెసేజీ పెట్టించు చాలు, ఎవరినో ఒకరిని తోడు తీసుకుని వస్తాను. డాక్టర్లు ఏమంటున్నారో దాచకుండా రాయి. క్షేమమని మాత్రం రాయకు, ఇక నమ్మను.

ప్రసూనాంబ

వేలూరు
ఏప్రిల్ 5

ప్రసూనక్కకు,

ఇప్పుడు రావద్దు. జుట్టు లేదు. నువ్వు నాకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టిన దానివి, ఇలా చూడొద్దు.

ఉగాదికి ఆయన ఒక మామిడికాయ తెచ్చాడు. "మన చెట్టుదే, బావి పక్కన ఉండేదాన్ది" అని కడిగి, తనే ముక్కలు కోసి పచ్చడి కలిపాడు. నోట్లో వేసుకున్నాను. అది బజారు కాయ, అక్కా. మన కాయ పులుపు నాకు తెలియదా? నలభై ఏళ్లు తిన్నాను. మన కాయలు ఇప్పటికింత కావని కూడా తెలుసు. "బాగుండాది" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. సుజన అటు తిరిగి కళ్లు తుడుచుకుంది, దానికీ తెలుసు. దొంగకు తేలు కుట్టినట్టు ముగ్గురం కూర్చుని ఆ పచ్చడి తిన్నాం.

డాక్టర్లు ఏమన్నారని అడిగావు. ఇక మందు పనిచేయదు, ఇంటికి తీసుకెళ్లి నచ్చినట్టు ఉంచండి అని ఆయనతో చెప్పారు. వరండాలో చెప్పారు, తలుపు వేయలేదు. ఆయన లోపలికి వచ్చి ఇంకో సూది ఉందట, అది వేయించుకుని పోదాం అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. ఇంటికి వెళ్తే తోపు చూస్తాను కదా.

ఇంటికి పోదామని నేను అడగొచ్చు. గట్టిగా అడిగితే తీసుకెళ్తాడు. గేటు దగ్గర కారు దిగి నేను ఆ చెట్లు చూసే క్షణంలో ఆయన నా మొహం చూస్తాడు. ఇన్నాళ్లూ నాలుగు గంటలకు చెప్పినదంతా ఒక్కసారి కూలుతుంది. ఆ మనిషి తట్టుకోలేడు. తెలుసని ముందే చెప్పేద్దామా అంటే, ఇప్పుడు ఆయన నాకు ఇవ్వగలిగింది అదొక్కటే మిగిలింది. "నిమ్మకాయంత అయినాయి" అంటాడు. ఆయన గొంతులో ఆ కాయలు పెరుగుతుంటే వినడం నాకు ఇష్టంగా ఉంది. దాన్ని చేతిలోంచి లాక్కోలేను.

ఒక్కటే బాధ. ఈ నెలలో మా పక్క ఒక జల్లు పడుతుంది కదా, ఎండిన మట్టి మీద, మామిడాకుల మీద. ఆ వాసన. వాకిట్లో కుర్చీ వేసుకుని అదొక్కసారి చూసి పోతే చాలనుకున్నాను. ఆ మాట ఆయనతోనూ ఒకసారి అనేశాను. అన్నాక ఎందుకన్నానా అనిపించింది.

నీ లోకేశ్వరి

తిరుపతి
ఏప్రిల్ 9

లోకేశ్వరికి,

నాకు కోపం వస్తోంది, రాసేస్తున్నాను.

ఒకరికొకరు తెలియకూడదని ఇద్దరూ ఆ ఆకాశం లేని గదిలో కూర్చుంటారా? నీకు తెలుసు. తెలియదనుకుని ఆయన నిన్ను ఇంటికి తీసుకెళ్లడం లేదు. తెలుసని చెబితే ఆ రోజే బయల్దేరుతారు. అరగంట ఏడుస్తారు, ఇద్దరూ కలిసి ఏడుస్తారు, అంతేగా. ఆ తర్వాత వాకిట్లో కుర్చీ వేసుకోవచ్చు. బోడి చెట్లైతేనేం, నువ్వు కుండలతో నీళ్లు పోసిన చెట్లు కావా?

పెళ్లి చేసుకోనిదాన్ని, నాకేం తెలుసంటావేమో. తెలియకపోవచ్చు. కానీ ఇది విప్పాల్సిన పట్టె, లోకా. చెప్పు. ఈ ఉత్తరం చేతికి అందిన రోజే చెప్పు.

ప్రసూనాంబ

తిరుపతి
ఏప్రిల్ 15

ధనశేఖర్ గారికి,

ప్రసూనాంబ వ్రాయునది. మీకు నేను ఎప్పుడూ విడిగా ఉత్తరం రాయలేదు. ఇది ఒట్టు తప్పి రాస్తున్నాను. వేలూరు గదికి రాస్తే ఆమె కంటపడుతుందని ఇంటికే రాస్తున్నాను.

వడగళ్ల సంగతి లోకేశ్వరికి తెలుసు. నా మూర్ఖత్వం వల్ల, మీరు జేబులో తీసుకెళ్లి ఇచ్చిన నా ఉత్తరం వల్ల తెలిసింది. మార్చి నెలాఖరు నుంచి తెలుసు. ఉగాది కాయ బజారుదని తెలుసు. డాక్టర్లు చెప్పింది కూడా తెలుసు. మీరు బాధపడతారని మీతో అనడం లేదు. ఆమెకు ఇంటికి రావాలని ఉంది. తోపు ఎలా ఉన్నా రావాలని ఉంది. దయచేసి ఈ ఉత్తరం చూసిన వెంటనే తీసుకురండి. నేను వడమాలపేట వచ్చి వండిపెడతాను, ఉన్నన్నాళ్లు ఉంటాను.

ప్రసూనాంబ

తిరుపతి
ఏప్రిల్ 19, శనివారం

నా లోకేశ్వరికి,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కోప్పడ్డావేమోనని భయంగా ఉంది. కోప్పడితే ఇంకా కోప్పడే పని చేశాను. నీ ఒట్టు తప్పాను. మీ ఆయనకు అంతా రాసేశాను. నన్ను తిట్టు, ఇంటికొచ్చి తిట్టు.

ఇది మేడ మీద కూర్చుని రాస్తున్నాను. నాలుగు దాటి పది నిమిషాలైంది. పట్టె అల్లేసి కలం పట్టాను. ఎందుకంటే వాన, లోకా! నాలుగు గంటలకు సరిగ్గా మీ పక్కనుంచి లేచింది. వడమాలపేట మీద తెల్లటి తెర దించినట్టు జల్లు కనబడుతోంది, దాని వెనక ఎండ. ఇక్కడికి నాలుగు చినుకులే వచ్చాయి కానీ గాలి మీద మట్టి వాసన వచ్చేసింది. మీ తోపు మీద పడుతోంది, ఖాయం. నా పట్టె నిండా జంట చిల్లులే, ఒక్క సాదా కుట్టు లేదు.

ఇది నీకు చేరేలోపు మీరు ఇంటికి వచ్చేసి ఉంటే బాగుండు. ఇంకో జల్లు పడుతుంది. ఈ కాలంలో ఒకటి పడితే రెండోది రాకుండా ఉండదు. సాయంత్రం డబ్బా తీసేలోపు వేసి వస్తాను.

నీ అక్క

వడమాలపేట
మే 4

వదినమ్మకు ధనశేఖర్ నమస్కారం.

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. మాట్లాడినట్టే రాస్తాండా, తప్పులుంటే మన్నించండి. ఆమెను తెచ్చిన దినం మీరు వచ్చి మూల కూర్చోని పోయినారు. మీ తట్టు సూడలేకపోతిని.

మీ ఉత్తరం పదకొండు దినాలు అయినాక సూసినా. తలుపు సందులో పడి ఉండాది. ఆ వారమంతా నేను వేలూర్లోనే ఉంటిని కదా. ఆమెకి తెల్సునంట. వడగళ్ల ఉత్తరం నేనే జేబులో పెట్టుకొని పోయి ఇస్తినంట. తెల్సినదాయె, మరి దినామూ కాయలు ఎంతయినాయని ఎందుకు అడిగింది వదినమ్మా? అడిగితే నేను సెప్పినా. గుప్పెడంత అయినాయని పద్దెనిమిదో తేదీ గూడా సెప్పినా.

డాక్టర్లు ఇంటికి తీసకపొమ్మన్నారు. నేనే తేలేదు. వడగళ్లకి సెట్లకు ఆకు గూడా నిలవలేదు, కొమ్మలు తోలు లేసిపోయినాయి. సిగురు వస్తే సూసేదానికి పచ్చగా ఉంటుంది, అప్పుడు తెద్దామని దినాలు లెక్కబెడతాంటిని. ఇప్పుడు వచ్చినాది సిగురు. సెట్టంతా ఎర్రగా వచ్చినాది.

ఆమె సగం శాలువా దీంట్లో పెట్టి పంపిస్తాండా. కడాకు నాలుగు పట్టెలు నేను అల్లినవి. ఆమెకి సూది పట్టే సత్తువ లేదు. నా సేతి మీద సెయ్యి పెట్టి నేర్పించింది. నాకు సాదాదొక్కటే వచ్చె, బొక్కలు ఏసేది రాలేదు. అందుకని ఆ నాలుగు దినాలు ఎండే అని సెప్పినా. వరండాలోకి పోయి ఊరికి ఫోను సేసినట్టు నిలబడి వచ్చి సెప్పేవాణ్ణి.

శనివారం మధ్యాహ్నం మూడింటికి పోయింది. నాలుగింటికి నేను ఆకాశం సూడలేదు. ఆ పట్టె ఒక్కటి తక్కువ.

అది అడగాలనే ఈ ఉత్తరం. ఆ పొద్దు నాలుగు గంటలకు మా పక్క వాన పడెనా? ఒక జల్లు సూసి పోతే సాలు అని ఆమె నాతో అనింది. ఈడ ఎవరినడిగినా తలా ఒక మాట సెప్తాండారు. అప్పటికే కబురు అంది అందరూ మా ఇంట్లోనే ఉండిరి, బయట సూసినోళ్లు లేరు. నేను తెల్లారి వచ్చేపాటికి ఎండ కాస్తాంది. పడింటే, నేను తెచ్చింటే ఆమె సూసుండును కదా. దినామూ ఇదే ఆలోచన. తిండి పోలేదు. మీరు ఆకాశంతో అబద్ధం ఆడరని ఆమె సెప్పేది. మీరు ఏం సెప్తే అది నమ్ముతా.

ఆమె పేరున మీరు రాసిన ఉత్తరం వేలూరు గదికి వస్తే ఇంటాయన పంపించినాడు. పంతొమ్మిదో తేదీ ముద్ర ఉండాది. నేను విప్పలేదు. ఆమెవి ఎన్నడూ విప్పలేదు. అట్లనే తిరిగి పంపిస్తాండా.

ధనశేఖర్

తిరుపతి
మే 9

మరిదిగారికి,

శాలువా అందింది. నా ఉత్తరం కూడా అందింది. విప్పకుండా పంపారు. మీ ఇద్దరి లాంటి మనుషుల్ని నేను చూడలేదు.

ఆమెకు తెలిసీ ఎందుకడిగేదని రాశారు. మీ గొంతులో ఆ కాయలు పెరుగుతుంటే వినడం ఇష్టంగా ఉందని నాకు రాసింది. ఆ ఉత్తరం నా దగ్గరుంది, వచ్చినప్పుడు చూపిస్తాను. మీరు చెప్పింది ఏదీ ఆమెకు అబద్ధంగా అందలేదు. పచ్చడి కూడా.

నాది తప్పు. మీదానికంటే పెద్ద తప్పు. రాయకూడనిది రాశాను, రాయాల్సినది ఆలస్యంగా రాశాను. దీన్ని మోసుకునే ఉంటాను. మీరు నా వంతు కూడా మోయకండి.

పదహారో తేదీ పట్టె మీద లోకేశ్వరి వేసిన ఎర్ర కాపుదారం ఉంది. తను లేకపోతే అక్కడిదాకా విప్పి నిజం అల్లుకోమంది. రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. విప్పలేదు. ఆ దారం లాగేశాను. మీరు చెప్పినదంతా మీరు చెప్పినట్టే ఉంది. మీరు అల్లిన నాలుగు పట్టెలు వంకరగా ఉన్నాయి, వాటినీ సరిచేయలేదు. రెండు సగాలనూ కలిపి పంపుతున్నాను. కప్పుకోవడానికి ఆమె లేదు కాబట్టి మీరు కప్పుకోండి. వేళకు అన్నం తినండి.

ఇక మీరు అడిగిన మాట. పంతొమ్మిదో తేదీ శనివారం నాలుగు గంటలకు నేను మేడ మీదే ఉన్నాను. మీ పక్కకే చాలాసేపు చూశాను. ఎండే, మరిదిగారూ. ఏమీ లేదు.

తక్కువైన పట్టె నేనే అల్లాను, సాదాగా. నా సగంలో ఆ రోజుదీ సాదాయే. పట్టుకుని వెతికినా కలిపిన చోటు కనబడదు.

ప్రసూనాంబ